మరపడవలో బ్యాటరీల పొత్తు

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలినది. ఆ పాయల నడుమ నున్న నేలయే దివిసీమ. అవనిగడ్డనుండి దక్షిణముగా పోయినకొలది బాటలు సన్నగిల్లును, నీటి వెడల్పు హెచ్చును. నాగాయలంక రేవునుండి ఎదురుమొండి దీవులకు పోవువారు తరతరములుగా పడవనే నమ్ముకొన్నవారు. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు పల్లెలలోని బెస్తవారికి పడవయే పొలము, పడవయే కాడెద్దు. ఉత్తరమున మచిలీపట్టణము చెంత గిలకలదిండి రేవులో మరపడవలు బారులు తీరి యుండును. ఆ పడవలలో ఇంజను ప్రక్కన ఒక మూల, చెక్కపెట్టెలో, ఎవ్వరి కంటను పడక కూర్చుండు వస్తువును గూర్చి నేడు ముచ్చటింపదలచినాము. అది బ్యాటరీ. ఒకటి కాదు, రెండో, మూడో, ఒక్కొక్కచో నాలుగో.

ఇంజనును మొదట కదలించునది ఆ బ్యాటరీయే. రాత్రివేళ పడవకు ఎడమవైపున ఎఱ్ఱదీపమును, కుడివైపున పచ్చదీపమును వెలిగించునది అదియే. దారి చూపు జీపీఎస్ యంత్రము, అడుగున లోతును తెలుపు ఎకో సౌండరు, ఆపద కలిగినపుడు 16వ ఛానలులో కేక వేయుటకు ఉపకరించు వీహెచ్ఎఫ్ యంత్రము, వీని అన్నింటికిని అన్నదాత అదియే. ఇంజను ఆగియున్నంతసేపు మరియొక ఆధారము లేదు. పెద్ద డీజిలు ఇంజనును చేతితో త్రిప్పి లేపుట బలిమిగల మనుష్యులకును సాధ్యము కాదు.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువలేదు, మరువజాలదు. నాటి ఉప్పెనలో పోయిన ప్రాణములు వేలు. నేడు విశాఖపట్టణములోని తుపాను హెచ్చరికల కేంద్రము మాటయు, మచిలీపట్టణములోని రాడారు చూపును ముందుగానే తీరమునకు అందుచున్నవి. కాని అందిన మాటను వినుటకు పడవలో యంత్రము పలుకవలెను. విన్నపిమ్మట ఒడ్డునకు మరలుటకు ఇంజను లేవవలెను. ఈ రెండును బ్యాటరీ పెట్టెలోని నాలుగు తీగల కూర్పుపై ఆధారపడి యున్నవనిన అతిశయోక్తి కాదు.

పడవ లేనివారు ఈ సంగతి మాకెందుకని రేడియో కట్టివేయనక్కరలేదు. ఇంటిలో ఇన్వర్టరునకు రెండు బ్యాటరీలు కలిపియున్నవారికిని ఈ మాటలలో చాలవఱకు వర్తించును. విద్యుత్తు లేని పల్లెలలో రేడియోలు బ్యాటరీలతో పలికిన కాలమును ఎరిగిన పెద్దలకు దీని మర్మము కొంత తెలిసియే యుండును.

బ్యాటరీలను కలుపుటలో రెండు పద్ధతులు కలవు. ఒకదాని ధన ధ్రువమును రెండవదాని ఋణ ధ్రువమునకు కలిపినచో వోల్టులు కూడును: 12 వోల్టుల బ్యాటరీలు రెండు చేరి 24 వోల్టులగును. ఇది శ్రేణి సంధానము. ధనమును ధనమునకు, ఋణమును ఋణమునకు కలిపినచో వోల్టులు 12గానే నిలిచి, నిలువ సామర్థ్యము కూడును: 100 ఏంపియర్-గంటల బ్యాటరీలు రెండు చేరి 200 ఏంపియర్-గంటలగును. ఇది సమాంతర సంధానము. పొత్తు అని మేమనునది దీనినే. పడవలోని దీపములు, యంత్రములు 12 వోల్టులవైనపుడు, ఎక్కువసేపు వెలుగు కావలసినపుడు, ఈ పొత్తే శరణ్యము. ఒకే పెద్ద బ్యాటరీ కొనవచ్చును గదా యని అడుగవచ్చును. కొనవచ్చును; కాని దానిని ఊగుచున్న పడవలోనికి దించుటకు ఎందఱు కావలెనో మోసినవారికి తెలియును.

సీసము, గంధకికామ్లము కలిసిన ఈ బ్యాటరీ కొత్తది కాదు. ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే దీనిని 1859లో కనిపెట్టెను. విద్యుత్తు కొమ్మలుగా చీలినపుడు ఏ కొమ్మలో ఎంత ప్రవహించునో లెక్కగట్టు సూత్రములను కిర్కాఫ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1845లోనే చెప్పియుండెను. మనము చెప్పుకొనబోవు చిక్కు అంతయు ఆ సూత్రములలో నిమిడియే యున్నది. అయినను నేటికిని పడవ పడవకు అదే చిక్కు.

అదేమనగా: మూడు నాలుగు బ్యాటరీలను వరుసగా పేర్చుదురు. ధన ధ్రువములన్నింటిని పొట్టి తీగలతో ఒకదానికొకటి కలుపుదురు. ఋణ ధ్రువములను అట్లే కలుపుదురు. ఇంతవఱకు సరియే. పిమ్మట ఇంజనునుండి వచ్చు పెద్ద తీగలు రెండింటిని, చేతికి దగ్గరగా నున్నదని, మొదటి బ్యాటరీకే బిగింతురు. దీపము వెలుగును, ఇంజను లేచును. అందఱును సంతోషింతురు. తప్పు అచటనే జరిగినది.

దీనిని కృష్ణా డెల్టా రైతునకు చెప్పుట సులభము. బెజవాడలో 1855లో ఆనకట్ట కట్టిన నాటినుండి, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, కాలువ మొదట నున్న చేను ముందు త్రాగును. శివారు చేనికి మిగిలినది వచ్చును. శివారు రైతు కష్టమేమో దివిసీమకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మొదటి బ్యాటరీకే రెండు తీగలను బిగించినపుడు నాలుగవ బ్యాటరీ శివారు చేనగుచున్నది. దాని యొద్దకు పోవు విద్యుత్తు మూడు ధన తీగలను దాటి పోవలెను, మూడు ఋణ తీగలను దాటి తిరిగి రావలెను. మొదటిదానికి ఆ బాధ లేదు. తీగ ఎంత పొట్టిదైనను దానికి కొంత నిరోధము కలదు. బిగింపు బిగింపునకును కొంత కలదు. విద్యుత్తు సులభమైన దారిలోనే ఎక్కువగా పోవును.

ఆ పొట్టి తీగ అడ్డమెంతని తీసిపారవేయరాదు. లెక్క చూతము. ఒక్కొక్క బ్యాటరీ లోపలి నిరోధము ఓములో నూరవ వంతు అనుకొందము. వానిని కలుపు ఒక్కొక్క తీగ నిరోధము, బిగింపులతో కలిపి, ఓములో వేయవ వంతు అనుకొందము. ఇది ఊహింపరాని సంఖ్య కాదు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ అడుగు పొడవుండినచో దాదాపు అంత నిరోధము దానికి కలదు, ఇంటి వైరింగులో మిగిలిన అట్టి తీగలనే పడవలో వాడువారు కలరు. నాలుగు బ్యాటరీలనుండి మొత్తము 60 ఏంపియర్లు తీసికొన్నపుడు న్యాయముగా ఒక్కొక్కటి 15 ఏంపియర్లు ఈయవలెను. కాని మొదటిది 23, రెండవది 16, మూడవది 11న్నర, నాలుగవది 9న్నర, అటునిటుగా, ఇచ్చుచున్నవి. మొదటిది నాలుగవదానికంటె రెండున్నర రెట్లకు కొంచెము తక్కువగా పాటుపడుచున్నది. చార్జింగు మొదలైనపుడును ఇదే పంపకము. డైనమో 60 ఏంపియర్లు పంపినచో మొదటిదానికి 23, కడపటిదానికి 9న్నర.

మందు ఏమి? మూడు నాలుగు కొత్త పరికరములు కొననక్కరలేదు. రెండు పెద్ద తీగలలో ఒకదానిని విప్పి చివరకు మార్చవలెను. ధన తీగను మొదటి బ్యాటరీకి, ఋణ తీగను కడపటి బ్యాటరీకి బిగింపవలెను. అంతే.

మరల పొలమునకే పోవుదము. పంటబోదె చేలకు ఒక ప్రక్కన, మురుగుబోదె రెండవ ప్రక్కన ఉన్నవనుకొనుడు. నీరు మొదటనుండి వచ్చి, మురుగు చివరనుండి పోవుచున్నచో, మొదటి చేనికి వచ్చు దారి పొట్టి, పోవు దారి పొడుగు. కడపటి చేనికి వచ్చు దారి పొడుగు, పోవు దారి పొట్టి. రెండు దారులను కలిపి కొలిచినచో అన్ని చేలకు ఒకటే పొడవు. ఐమూలగా తీగ బిగించినపుడు బ్యాటరీల విషయమున జరుగునది ఇదే. వెనుకటి లెక్కనే తీసికొన్నచో, 60 ఏంపియర్లలో రెండు కొసల బ్యాటరీలకు 16 చొప్పునను కొంచెము పైగాను, నడిమి రెండింటికి 13న్నర చొప్పునను కొంచెము పైగాను వచ్చును. సంపూర్ణ సమానత కాదు గాని, 23కును 9న్నరకును గల అంతరము ఎక్కడ, ఇది ఎక్కడ! బ్యాటరీలు రెండే యుండినచో ఐమూల పద్ధతిలో పంపకము సరిసమానమగును. మన తీరమున రెండు బ్యాటరీల పడవలే ఎక్కువగా మాకు కనబడినవి గనుక, చాలమందికి ఈ ఒక్క మార్పుతో పని తీరును.

మూడు, నాలుగు బ్యాటరీలు గల పెద్ద పడవలవారికి ఇంకను మంచి పద్ధతి యొకటి కలదు. రెండు రాగిపట్టీలను, ఒకటి ధనమునకు, ఒకటి ఋణమునకు, చెక్కపై బిగించి, ప్రతి బ్యాటరీనుండియు ఒకే లావు, ఒకే పొడవు గల తీగలను ఆ పట్టీలకు తెచ్చుట. దగ్గరగా నున్న బ్యాటరీకి పొడవు అక్కరలేదని దాని తీగను కత్తిరింపరాదు. తీగ మిగిలినచో చుట్టి కట్టవలెనే గాని కోయకూడదు. మన మేస్త్రీలు ఈ మాటను సులభముగా ఒప్పుకొనరు. రాగి దండుగ యందురు. చచ్చిన బ్యాటరీ ఖరీదుతో పోల్చినచో ఆ రాగి ఖరీదు ఏపాటిది?

ఇచట ఒక సంగతిని దాచకుండ చెప్పవలెను. బ్యాటరీలు నిండినకొలది అవి తీసికొను విద్యుత్తు తగ్గును. విద్యుత్తు తగ్గినపుడు తీగల నిరోధమువలన కలుగు భేదమును తగ్గును. కావున ఒడ్డున చార్జరు పెట్టి రాత్రి తెల్లవారులు వదలినచో, తప్పుగా కలిపిన బ్యాటరీలును అన్నియు నిండవచ్చును. అందుచేతనే ఈ దోషము ఒడ్డున బయటపడదు. సముద్రములో ఇంజను కొన్ని గంటలు నడచి ఆగును. మరల దీపములు, యంత్రములు బ్యాటరీనుండి త్రాగును. ఆ కొన్ని గంటలలో మొదటిది నిండును, కడపటిది సగములో నిలుచును. పూట పూటకు ఇదే జరిగినచో సగము నిండిన బ్యాటరీలోని పలకలపై సీసపు గంధకితము గట్టిపడి మరల కరగదు. మొదటిదానికి మరియొక రోగము: నిండినపిమ్మటను చార్జింగు వచ్చుచుండుటచే అందలి నీరు విడిపోయి ఆవిరులై పోవును, పలకలు బయటపడును. ఒకటి తినక చచ్చును, ఒకటి తిని చచ్చును. యజమాని మాత్రము రెండింటి చావునకును అమ్మినవానిని తిట్టును.

పొత్తు కలుపుటలో ఈడు జోడు చూడవలెను. ఒకే కంపెనీ, ఒకే సామర్థ్యము, ఒకే వయస్సు గల బ్యాటరీలనే కలుపవలెను. పాతదాని ప్రక్కన కొత్తది చేర్చినచో కొత్తది త్వరలోనే పాతదాని వయస్సునకు వచ్చును గాని పాతది కొత్తది కాదు. ఒకటి చెడినపుడు దానినొక్కదానినే మార్చుట మన అలవాటు. అది పొదుపు కాదు. మిగిలినవి ఇంకను పనికివచ్చునవైనచో వానిని వేరుచేసి, ఒక చిన్న దీపమునకో, ఒడ్డున వలలు అల్లు పాకకో వాడుకొని, పడవలో అన్నియు కొత్తవే పెట్టుట మంచిది. ఇటీవల వచ్చుచున్న లిథియం బ్యాటరీలను సీసపు బ్యాటరీలతో ఎన్నడును పొత్తు కలుపరాదు. వాని వోల్టులు వేరు, చార్జింగు నియమము వేరు.

కలుపుటకు ముందు ఒక్కొక్కదానిని విడిగా పూర్తిగా నింపి, కొన్ని గంటలు ఊరక ఉంచి, వోల్టుమీటరుతో చూడవలెను. నిండిన బ్యాటరీ 12.6, 12.7 వోల్టులు చూపును; సగము నిండినది 12.2 ప్రాంతమున చూపును. ఒకటి 12.7, మరియొకటి 12 చూపుచుండగా వానిని కలిపినచో, అంతరము 0.7 వోల్టే యైనను, ఆ మొదటి క్షణములలో ముప్పది ఏంపియర్లవఱకు ఒకదానినుండి ఒకదానిలోనికి దుమికిపోవచ్చును. నిప్పురవ్వ లేచుట అందుచేతనే.

ఆ నిప్పురవ్వను తేలికగా చూడరాదు. చార్జింగు చివరలో బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. మూసిన ఇంజను గదిలో అది పైకప్పు క్రింద చేరియుండును; బీడి నిప్పు చాలును. పెట్టె మూతకు పైభాగమున గాలి పోవు రంధ్రములుండవలెను. బిగించునపుడు ధన తీగను ముందు, ఋణ తీగను వెనుక బిగింపవలెను. విప్పునపుడు ఋణమును ముందు విప్పవలెను. స్పానరు ఒకవేళ ఇంజను ఇనుమునకు తగిలినను అపుడు ప్రమాదముండదు. ఇక ఫ్యూజు మాట. మన లెక్కలోని బ్యాటరీ రెండు ధ్రువములు నేరుగా తగిలినచో 1,200 ఏంపియర్లు పుట్టును. స్పానరు ఎఱ్ఱగా కాలి అంటుకొనిపోవును. పొత్తులో ఒక బ్యాటరీ లోపల చెడి అతుకుకొన్నచో మిగిలిన మూడును కలిసి దానిలోనికి తమ బలమంతయు క్రుమ్మరించును. కావున ప్రతి బ్యాటరీ ధన ధ్రువమునకు దగ్గరగా, దాని తీగకు తగిన ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు బదులు మేకును పెట్టువారితో మాకు మాటలు లేవు.

ఇంజనును లేపు బ్యాటరీని ఈ పొత్తులో చేర్పక వేరుగా ఉంచుట ఉత్తమము. దీపములు, యంత్రములు రాత్రియంతయు త్రాగిన పిమ్మటను తెల్లవారుజామున ఇంజను లేవవలెను గదా! రెండింటి నడుమ ఒక మార్పుమీట పెట్టి, ఇంజను నడచుచున్నపుడు రెండు వైపులకును చార్జింగు పంపి, ఇంజను ఆపగానే వేరుచేయవలెను. ఆ మీటను త్రిప్పు భారమును పడవలో ఒక్కనికే, సరంగునకో, ఇంజను చూచువానికో, అప్పగింపవలెను. అందఱి పని ఎవ్వరి పనియు కాదు.

ఉప్పుగాలిని గూర్చి చెప్పకున్న ఈ ప్రసంగము మచిలీపట్టణపు సముద్రమునకు చెందినది కాజాలదు. ఎంత చక్కగా ఐమూల బిగించినను, ఒక్క బిగింపులో పచ్చని చిలుము చేరినచో లెక్క తారుమారగును. బిగింపు నిరోధము పెరిగిన బ్యాటరీ, అది వరుసలో ఎచటనున్నను, శివారు చేనే యగును. బిగింపులను విప్పి, సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరిన పిమ్మట గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసలీను పూయవలెను. సోడానీరు బ్యాటరీ లోపలికి చుక్కయైనను పోరాదు. లోపల తగ్గినది నీరే గనుక డిస్టిల్డు వాటరునే పోయవలెను, ఆమ్లము పోయరాదు. బావినీరు, కాలువనీరు, ముఖ్యముగా మన దక్షిణపు పల్లెలలోని ఉప్పునీరు, బ్యాటరీకి విషము.

పంపకము సరిగా జరుగుచున్నదో లేదో తెలిసికొనుటకు ఇనుప సాక్ష్యము ఒకటి కలదు. క్లాంపు మీటరును ఒక్కొక్క బ్యాటరీ తీగకు తగిలించి, చార్జింగు జరుగుచుండగా ఎన్ని ఏంపియర్లు పోవుచున్నవో చూచి వ్రాసికొనవలెను. పొట్టి తీగలతో వరుసగా కలిపినచోట రెండు తీగలలోని అంకెల భేదమే ఆ నడిమి బ్యాటరీ వంతు. ఆ మీటరు లేనివారు హైడ్రోమీటరుతో పని గడుపవచ్చును. సముద్రమునుండి వచ్చినవెంటనే, ఒడ్డు చార్జరు తగిలింపకముందే, ప్రతి అరలోని ద్రవమును కొలువవలెను. మనవంటి వేడిదేశములలో నిండిన అర 1,240, 1,250 ప్రాంతమున చూపును. మొదటి బ్యాటరీ అరలు అట్లు చూపుచు, కడపటి బ్యాటరీ అరలన్నియు 1,200 దగ్గర నిలిచినచో తీగల కూర్పును చూడవలెను. ఒకే బ్యాటరీలో ఒక్క అర మాత్రమే పడిపోయినచో దోషము ఆ అరదే, తీగలను నిందింపరాదు.

ఇంటి ఇన్వర్టరువారికి ఒక మాట. మీ బ్యాటరీలు రెండును పొత్తులో ఉన్నవో, శ్రేణిలో ఉన్నవో ముందు చూచుకొనుడు. యంత్రముపై 24 వోల్టులని వ్రాసియున్నచో అది శ్రేణి. మేము చెప్పిన ఐమూల మార్పు దానికి పనికిరాదు, ప్రమాదము కూడ. 12 వోల్టులని యుండి రెండు బ్యాటరీలున్నచో అది పొత్తు. మేస్త్రీని పిలిచి, విద్యుత్తు కట్టివేసిన పిమ్మట, ఒక తీగను రెండవ బ్యాటరీకి మార్పించుకొనుడు.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు, 61 దినములు, మరపడవల చేపలవేట నిషిద్ధము. ఆ రెండు నెలలును మన యెండలు మండు నెలలు. వేడిలో బ్యాటరీ ఊరకున్నను తనంత తానే తరిగిపోవును. పడవను ఒడ్డునకు చేర్చిననాడే పొత్తును విప్పి, బ్యాటరీలను వేరువేరుగా నీడపట్టున చెక్కపై ఉంచవలెను. పొత్తులోనే వదలినచో వానిలో బలహీనమైనది మిగిలినవానిని కూడ దించివేయును. నెలకొకసారి, ఒక్కొక్కదానిని దాని సామర్థ్యములో పదియవ వంతు ఏంపియర్లతో, అనగా 100 ఏంపియర్-గంటలదానిని 10 ఏంపియర్లతో, నిండువఱకు చార్జి చేయింపవలెను. జూను మొదటి వారములో వోల్టులు సరిచూచి, సరిగా నిలిచినవానిని మాత్రమే మరల కలిపి, ధనము ఒక కొసను, ఋణము రెండవ కొసను బిగింపవలెను.